కొండమీద చెప్పిన భూమి మాట



ఈ వారం తోరా భాగం పేరు ‘బెహార్’. హీబ్రూలో ‘కొండమీద’ అని అర్థం. లేవీయకాండము 25వ అధ్యాయం ఇందులోదే. యూదులు మోషే ఐదు పుస్తకాలను 54 భాగాలు చేసుకొని ఏడాదిలో చదివి ముగిస్తారు. నేనూ కొన్నేళ్లుగా ఆ వరుసలోనే చదువుతున్నాను. నచ్చిన వాక్యాలే ఏరుకుంటే మనల్ని గద్దించే వాక్యం ఎప్పటికీ మన వంతుకు రాదు కదా.

ఈ అధ్యాయం నన్ను ఒకసారి గట్టిగానే గద్దించింది. ఆ సంగతి చెప్పేముందు వాక్యం చూద్దాం.

ఆరేళ్లు విత్తిన భూమికి ఏడో ఏట విశ్రాంతి ఇవ్వాలి. 50వ ఏట ప్రాయశ్చిత్త దినాన బూర ఊదాలి. అది సునాద సంవత్సరం. అప్పుల్లో చేజారిన పొలం ఆ ఏడు తిరిగి ఆ కుటుంబానికే చేరాలి. అంటే ఇశ్రాయేలులో అమ్ముడుపోయేది పొలం కాదు, సునాదం దాకా మిగిలిన పంటలు మాత్రమే. ఏళ్లు ఎక్కువుంటే ధర ఎక్కువ, తక్కువుంటే తక్కువ. చితికిపోయిన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదు. ఎందుకు? భూమి దేవునిది, మనుషులు ఆయన దగ్గర ఉంటున్న పరదేశులు. పట్టా ఎవరి పేరున ఉన్నా మనమంతా ఆయన కౌలుదారులమే.

ఇది ఎక్కడో కనాను దేశపు ముచ్చట అనుకోకండి. మన భద్రాచలం తాలూకా 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారి చేతికి వెళ్లింది, 1874లో గోదావరి జిల్లాలో కలిసింది. ఆ రోజుల్లో మైదానం వ్యాపారులు ఉప్పు, బట్ట అప్పిచ్చి, తర్వాత కోర్టు డిక్రీలతో వచ్చి అడవి బిడ్డల పశువులనూ పంటనూ పట్టుకుపోయేవారు. 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద పన్నుతోపాటు ఈ అప్పుల బాధ కూడా కారణం. ఆ మంట మన రేకపల్లి దాకా పాకింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి ఒక చట్టం తెచ్చింది. గిరిజనుడి భూమి ప్రభుత్వ అనుమతి లేకుండా బయటివారికి పోకూడదంది. వడ్డీకి హద్దు పెట్టింది, చక్రవడ్డీ చెల్లదంది.

ఆ తర్వాత 1959 రెగ్యులేషన్ వచ్చింది. 1963లో అది తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. 1970లో దాన్ని సవరించారు. మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచేది అదే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసింది అతడే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందని చెప్పింది. చట్టం ఉంది కానీ బూర ఊదేవారేరీ? తెల్లకాగితం మీద రాసుకున్న భూములు, బినామీ పేర్లమీద నడిచే భూములు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

ఇక నా సంగతి. అప్పటికి మన ఆరాధన తాటాకు పందిరి కిందే. వానొస్తే పిల్లల్ని ఎత్తుకొని నిలబడేవాళ్లం. రోడ్డు పక్కన ఒక కోయ కుటుంబానికి అరెకరం ఉంది. ఆ ఇంటి పెద్దమ్మకు కూతురి ఆస్పత్రి ఖర్చుల అప్పు మీదపడింది. ‘అయ్యగారూ, మన కోయ విశ్వాసి ఒకరి పేరున రాయించుకుందాం, వాడుకునేది మనమే కదా’ అన్నారు సంఘంలో ఒకరు. ప్రభువు పనికే కదా అని నేనూ ఒప్పుకున్నాను. మా తాత కూలికోసం పైనుంచి వచ్చినవాడు. మాకు సెంటు భూమి లేదు. లేనివాడు ఉన్న కాస్త కోరుకోవడం తప్పా అని నన్ను నేను సమర్థించుకున్నాను.

అడ్వాన్సు ఇవ్వవలసిన వారం వంతుకొచ్చింది ఈ అధ్యాయమే. శనివారం రాత్రి ప్రసంగం రాయలేకపోయాను. తెల్లవారి పెద్దమ్మ ఇంటికెళ్లి అడిగాను: ‘అప్పు తీరే దారి వేరే ఉంటే అమ్ముతావా?’ ఆమె నావైపు కాసేపు చూసి, ‘అప్పు లేకపోతే ఎవరమ్ముతారయ్యా’ అంది. ఆ మాటతో నా సమర్థనలన్నీ పోయాయి.

ఆ డబ్బు ఆమెకు వడ్డీ లేకుండా అప్పుగా ఇచ్చాం. సంఘంలో అందరూ సంతోషించలేదు. రెండు కుటుంబాలు రావడం మానేశాయి. డబ్బులో సగమే తిరిగొచ్చింది. గుడి కట్టలేదు. కానీ ఆ అరెకరంలో ఇప్పటికీ ఆమె మనవలే జొన్న వేస్తున్నారు.

ఈ భాగంతోపాటు యూదులు యిర్మీయా 32వ అధ్యాయం చదువుతారు. యెరూషలేమును బబులోను సైన్యం ముట్టడించింది, ప్రవక్త కావలిలో ఉన్నాడు. అయినా బంధువు హనమేలు పొలాన్ని 17 తులాల వెండి ఇచ్చి కొన్నాడు. లాభానికి కాదు, ఆ భూమి కుటుంబం చేయి దాటకుండా విడిపించడానికి. అదే అధికారంతో అహాబు ఏం చేశాడు? నాబోతు ద్రాక్షతోట కోసం నాబోతునే చంపించాడు. విడిపించే చేయి ఒకటి, లాక్కునే చేయి ఇంకొకటి. నాది రెండోది కాబోయింది.

ప్రియులారా, మన చేతుల్లోని కాగితాలను ఈ వారం ఒకసారి తీసి చూసుకుందాం. అప్పులో ఉన్న పొరుగువాడి ఇంటికి కొనేవాడిలా వెళ్తున్నామా, బంధువులా వెళ్తున్నామా? నజరేతు సమాజమందిరంలో మన ప్రభువు విడుదల సంవత్సరం గురించి చదివి, అది ఈ రోజే నెరవేరిందన్నాడు. ఆ విడుదల మన ఊరి పొలం గట్టుదాకా రావాలని ప్రార్థిద్దాం. ఆమేన్.