తెలుగులో మానవీయ, సామాజిక శాస్త్ర గ్రంథాలు

చరిత్ర, భాషాశాస్త్రం, సాహిత్య విమర్శ, అర్థశాస్త్రం, రాజనీతి, సమాజశాస్త్రం, విద్య వంటి రంగాల్లో పరిశోధన ఫలితాలనూ పాఠ్య విషయాలనూ అందించే పుస్తకాలను మానవీయ, సామాజిక శాస్త్ర గ్రంథాలు అంటారు. తెలుగు నేల గురించి ఆధునిక పద్ధతిలో సాగిన అధ్యయనం 19వ శతాబ్ది ఆరంభంలో మొదలైంది. ఇలాంటి పుస్తకాలను తెలుగులోనే రాయించి, అచ్చువేసి, పాఠకుల ఇళ్లకు చేర్చాలన్న సంఘటిత ప్రయత్నం 1906లో విజ్ఞాన చంద్రికా మండలితో రూపుదిద్దుకుంది. ఆ తర్వాత పరిశోధక మండళ్లు, విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, స్వతంత్ర ప్రచురణ సంస్థలు వరుసగా ఈ పనిని చేపట్టాయి. రచయిత, ప్రచురణ సంస్థ, గ్రంథాలయం, పాఠకుడు కలిసి నడిచిన కాలాల్లోనే ఈ రంగం వర్ధిల్లింది.

నేపథ్యం

మద్రాసులో 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడానికి పుట్టింది. ఈ కాలేజీ చలవతోనే 1816లో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన పీఠిక తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వేరే కుటుంబానికి చెందినవనీ వాదించింది. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. అంటే ఎల్లిస్ వాదం అంతకు నాలుగు దశాబ్దాల ముందుది.

ఇదే కాలంలో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఊరూరి కైఫీయతులను (స్థానిక చరిత్ర పత్రాలను) సేకరించాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఈ సేకరణకు వెన్నెముకగా నిలిచారు. వారి సోదరుడు వెంకట రామస్వామి దక్కను కవుల జీవిత విశేషాలతో 1829లో కలకత్తాలో ఇంగ్లీషు పుస్తకం ప్రచురించాడు. మన కవుల చరిత్రను ఆధునిక పద్ధతిలో చెప్పిన తొలి పుస్తకాల్లో ఇది ఒకటి. సి.పి. బ్రౌన్ తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది.

ఈ శ్రమలో తెలుగు పండితుల పాలు చాలా ఉన్నా, ఫలితం ఎక్కువగా ఇంగ్లీషు చదివేవారికే చేరింది. ఆ లోటు తీర్చే ప్రయత్నం శతాబ్ది చివర్లో కనిపిస్తుంది. గురజాడ శ్రీరామమూర్తి ‘కవి జీవితములు’, కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ సాహిత్య చరిత్రకు తెలుగులో బాట వేశాయి. భండారు అచ్చమాంబ చరిత్రలో నిలిచిన స్త్రీల జీవితాలను పరిశీలించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1901 నాటి ఈ గ్రంథం స్త్రీల చరిత్రను ఒక స్త్రీ తెలుగులో రాయడానికి తొలి పెద్ద ఉదాహరణ.

విజ్ఞాన చంద్రికా మండలి

అచ్చమాంబ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నారు. మరాఠీలో సాగుతున్న చరిత్ర పరిశోధననూ పుస్తక ప్రచురణనూ దగ్గరగా చూశారు. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ, రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివారి తోడ్పాటుతో 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పారు. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్రతో ప్రచురణలు మొదలయ్యాయి. 1908 మూసీ వరదల తర్వాత మండలి మద్రాసుకు మారింది.

మండలి ఎంచుకున్న విషయాల విస్తృతి ఆనాటికి అపూర్వం. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి సంపుటం 1910లో వచ్చింది. లక్ష్మణరావు స్వయంగా హిందూ, మహమ్మదీయ యుగాల చరిత్ర రాశారు. అర్థశాస్త్రం మొదలు రసాయన, జీవశాస్త్రాల దాకా పుస్తకాలు వెలువడ్డాయి. వీటికి ముందుగా చందాదారులు ఉండేవారు. పుస్తకం వచ్చాక కొనేవారిని వెతుక్కునే బదులు, పాఠకులను చేర్చుకొని పుస్తకం వేయడం మండలి బలం.

ఇదే సమయంలో గ్రంథాలయోద్యమం ఊపందుకుంది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో ఏర్పడ్డాయి. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు పల్లెపల్లెకూ పఠన మందిరాలను తీసుకెళ్లారు. మండలి పుస్తకాలు నిలబడటానికి ఈ గ్రంథాలయాలు ముఖ్య ఆధారం.

లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను అకారాదిగా ఆరంభించి మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన మరణంతో ఆ కృషి తొలి అక్షరాల దగ్గరే నిలిచిపోయింది. ‘ఆంధ్రపత్రిక’ వ్యవస్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో దాన్ని పునరుద్ధరించారు. 1938లో ఆయన కూడా కన్నుమూశారు.

పరిశోధక మండళ్లు, విశ్వవిద్యాలయాలు

రాజమహేంద్రవరంలో 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి శాసనాలు, నాణేలు, తాళపత్రాల ఆధారంగా చరిత్ర రాసే పద్ధతిని స్థిరపరిచింది. ‘కాకతీయ సంచిక’ (1935), ‘రెడ్డి సంచిక’ (1947) ఆ కృషి ఫలాలు. హైదరాబాదులో లక్ష్మణరావు పేరిట నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే ఆదరణ కరువైన రోజుల్లో జీతం లేని కార్యకర్తలు ఊళ్లు తిరిగి శాసనాలకు నకళ్లు తీసి ఈ పని సాధించారు.

దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని చూపిన తొలి పెద్ద ప్రయోగం కూడా హైదరాబాదులోనే జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి ఏడాది ముందే అనువాద సంస్థ ఏర్పడి చరిత్ర, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, విజ్ఞానశాస్త్రాల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. రాజ్యంలో మిగతా భాషల కంటే ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ అవకాశం రాలేదు. అయినా పాఠ్యగ్రంథాలు, పరిభాష సిద్ధమైతే ఏ భారతీయ భాషలోనైనా పై చదువులు చెప్పవచ్చని ఆ ప్రయోగం రుజువు చేసింది.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి. చిలుకూరి నారాయణరావు ‘ఆంధ్ర భాషా చరిత్రము’ను విశ్వవిద్యాలయం 1937లో ప్రచురించింది. అయితే అదే విశ్వవిద్యాలయం 1948లో వేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డి రాజ్యాల చరిత్ర ఇంగ్లీషులో ఉంది. పాండిత్యం తెలుగువారిది, విషయం తెలుగువారిది, గ్రంథభాష మాత్రం ఇంగ్లీషు. ఈ ధోరణి నేటికీ కొనసాగుతోంది.

దీనికి భిన్నంగా సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో తెలుగులోనే వెలువడింది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలు, వృత్తులు, నమ్మకాలను కావ్యాల నుంచి, శాసనాల నుంచి ఏరి చెప్పింది. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఈ గ్రంథానికే దక్కింది. తెలుగు సామాజిక చరిత్ర రచనకు నేటికీ ఇదే మొదటి మెట్టు.

విజ్ఞాన సర్వస్వాలు

లక్ష్మణరావు ఆశయాన్ని రెండు సంస్థలు కొనసాగించాయి. 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి, బెజవాడ గోపాలరెడ్డి, మోటూరి సత్యనారాయణల నాయకత్వంలో విషయాలవారీగా సంపుటాలు తెచ్చింది. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రాలకూ తెలుగు సంస్కృతికీ అందులో చోటు దక్కింది. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం సంపాదకత్వంలో ‘సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం’ ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. ఒక్కో వ్యాసాన్ని ఆ విషయం తెలిసినవారి చేత రాయించడం వల్ల అనేక శాస్త్రాల్లో తెలుగులో రాయగల ఒక తరం తయారైంది.

అకాడమీల కాలం

1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పరిశోధన గ్రంథాలకు అండగా నిలిచింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలోని మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. రైతులు, నేతగాళ్లు పనిలో వాడే మాటలను జిల్లాల వారీగా సేకరించి నమోదు చేసిన ఈ కోశాలు భాషాశాస్త్రానికీ సామాజిక అధ్యయనానికీ సమానంగా పనికివచ్చాయి. ‘తెలుగు భాషా చరిత్ర’ (1974), చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) కూడా ఈ కాలానివే. సాహిత్య అకాడమీని ప్రభుత్వం 1983లో రద్దుచేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఇతర అకాడమీలతో పాటు తెలుగు భాషా సమితి కూడా అందులో కలిసింది.

పాఠ్యగ్రంథాల చరిత్రలో పెద్ద మలుపు తెలుగు అకాడమీ. ఉన్నత విద్యను ప్రాంతీయ భాషల్లో అందించాలన్న జాతీయ విధానానికి అనుగుణంగా కేంద్రం రాష్ట్రాలకు నిధులు కేటాయించింది. రాష్ట్ర విద్యామంత్రి పి.వి. నరసింహారావు అధ్యక్షతన 1968 ఆగస్టు 6న హైదరాబాదులో అకాడమీ మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ఇంటర్మీడియట్‌లోనూ, ఆపై డిగ్రీలోనూ తెలుగు మాధ్యమం విస్తరించింది. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, మనోవిజ్ఞానం, ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలను అకాడమీ అధ్యాపకుల చేత రాయించింది. సబ్జెక్టుల వారీగా పారిభాషిక పదకోశాలు తెచ్చి, వేర్వేరు రచయితలు ఒకే మాట వాడేలా చూసింది.

శైలిలోనూ మార్పు వచ్చింది. గిడుగు రామమూర్తి 20వ శతాబ్ది తొలి దశకాల్లో మొదలుపెట్టిన వ్యావహారిక భాషా పోరాటం అర్ధశతాబ్దం తర్వాత పాఠ్యపుస్తకాల్లో ఫలించింది. అకాడమీ ఆధునిక వ్యవహార భాషను స్వీకరించింది. విశ్వవిద్యాలయాలు క్రమంగా సిద్ధాంత వ్యాసాలకూ దాన్ని అనుమతించాయి. 1982లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, కాలేజీకి వెళ్లలేని ఉద్యోగులకు, గృహిణులకు, కూలీలకు తెలుగులో డిగ్రీ పాఠాలను ఇంటికి పంపింది. తమ ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివిన వేలాదిమందికి సామాజిక శాస్త్రాలు ఈ పుస్తకాల ద్వారానే పరిచయమయ్యాయి.

స్వతంత్ర ప్రచురణలు

ప్రభుత్వ సంస్థలు సిలబస్‌కు కట్టుబడి ఉండగా, కొత్త ఆలోచనలు ఎక్కువగా స్వతంత్ర సంస్థల ద్వారా వచ్చాయి. విశాలాంధ్ర ప్రచురణాలయం 1950ల నుంచి మార్క్సిస్టు దృష్టితో రాసిన చరిత్ర, అర్థశాస్త్ర గ్రంథాలను తక్కువ ధరకు అందించింది. ఏటుకూరి బలరామమూర్తి ‘ఆంధ్రుల సంక్షిప్త చరిత్ర’ వీటిలో ఎక్కువమంది చదివిన పుస్తకం. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సాహిత్య చరిత్రను సామాన్య పాఠకుడి చేతికిచ్చింది.

1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ కులం, జెండర్, ఆరోగ్యం, ఆదివాసీ సమస్యలు, విద్య వంటి విషయాలపై అనువాదాలూ స్వతంత్ర రచనలూ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసిన స్త్రీశక్తి సంఘటన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. మౌఖిక చరిత్రకు ఇది దేశంలోనే తొలి ఉదాహరణల్లో ఒకటి. తెలుగులో పుట్టి, 1989లో ఇంగ్లీషులోకి వెళ్లింది. తెలుగు పరిశోధన ముందు నడిచిన అరుదైన సందర్భమిది. హక్కుల ఉద్యమ నాయకుడు కె. బాలగోపాల్ వ్యాసాలను ఆయన మరణానంతరం పర్‌స్పెక్టివ్స్ సంస్థ సంపుటాలుగా తెచ్చింది.

విద్యా రంగంలో అనువాదాలదే పెద్దపీట. గిజుభాయి బధేకా ‘పగటి కల’, తెత్సుకో కురొయానగి ‘రైలుబడి’ పిల్లలకు భయం లేని బడి ఎలా ఉంటుందో ఉపాధ్యాయులకు చూపించాయి. శిక్షణ కళాశాలల పుస్తకాలు పరీక్ష అవసరం తీరిస్తే, ఇవి బడి గురించిన ఆలోచననే మార్చాయి.

ఇటీవలి దశ

రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో స్థానిక చరిత్రపై పుస్తకాలు బాగా పెరిగాయి. పోటీ పరీక్షల సిలబస్‌లో తెలంగాణ చరిత్ర, ఉద్యమం చేరడం ఇందుకు ఒక కారణం. ఆంధ్రప్రదేశ్ 2021లో తన తెలుగు అకాడమీకి తెలుగు - సంస్కృత అకాడమీ అని పేరు పెట్టింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, తెలుగు వికీసోర్స్ వంటి వేదికల వల్ల విజ్ఞాన చంద్రికా మండలి నాటి పుస్తకాలు ఇప్పుడు ఊళ్లో కూర్చొని చదవవచ్చు.

ఇదే కాలంలో తెలుగు సమాజంపై ప్రామాణిక పరిశోధన ఎక్కువగా ఇంగ్లీషులో వస్తోంది. కాకతీయ సమాజంపై సింథియా టాల్బట్ గ్రంథం (2001), తెలుగు భాషాభిమానం పుట్టుకపై లీసా మిచెల్ గ్రంథం (2009), మెకంజీ, కావలి సోదరుల కృషిపై రమా సుందరి మంతెన గ్రంథం (2012) ఇందుకు ఉదాహరణలు. తెలుగు జిల్లాల శాసనాలు, పత్రికలు, పత్రాలే వీటికి ముడిసరుకు. తెలుగు మాధ్యమంలో ఎం.ఎ. చదివే విద్యార్థికి ఇవి సులభంగా అందవు. మరోవైపు మన విశ్వవిద్యాలయాల్లో తెలుగులో రాసిన సిద్ధాంత వ్యాసాలు అనేకం పుస్తకాలుగా మారక అలమరల్లోనే ఉండిపోతున్నాయి. అచ్చయినవాటిలోనూ చాలావాటికి నిపుణుల పరిశీలన, విషయసూచిక, పునర్ముద్రణ కరువు.

మదింపు

ఒక శతాబ్దానికి పైగా సాగిన కృషి వల్ల తెలుగులో సామాజిక శాస్త్రాలు చదవడం, బోధించడం సాధ్యమయ్యాయి. పరిభాష ఉంది, శైలి ఉంది, రాయగలవారు ఉన్నారు. పాఠ్యపుస్తకం స్థిరపడింది. పరిశోధన గ్రంథం ఇంకా స్థిరపడలేదు. ఇందుకు డబ్బు కొరత ఒక్కటే కారణం కాదు. రాజమహేంద్రవరం, హైదరాబాదు మండళ్లు స్వల్ప వనరులతోనే శాశ్వత గ్రంథాలు ఇచ్చాయి. సిలబస్‌తో నిమిత్తం లేకుండా పరిశోధనను ఎంచి, సరిచూసి, ఏటా క్రమం తప్పకుండా ప్రచురించే సంస్థ లేకపోవడం అసలు కారణం. తెలుగు గురించి ఇంగ్లీషులో వస్తున్న ముఖ్య గ్రంథాలను వెంటనే అనువదించడం, మంచి సిద్ధాంత వ్యాసాలను పుస్తకాలుగా తేవడం, వాటిని జిల్లా, శాఖా గ్రంథాలయాలు తప్పక కొనేలా చూడటం ఈ రంగానికి ఇప్పుడు కావలసిన మూడు పనులు. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ అకాడమీలూ వీటిని ఉమ్మడిగా చేపట్టాలి.