ప్రశ్న తిరిగొచ్చే దారి: తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో దూరపు చదువుల చరిత్ర

చదువు చెప్పేవాళ్ళు ఒకచోట, చదువుకునేవాళ్ళు మరోచోట ఉంటే పాఠాన్ని చేరవేయడానికి సాధనం కావాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఆ పని ఒకప్పుడు పోస్టులో వచ్చే పుస్తకం చేసింది. తర్వాత రేడియో, బొమ్మల కార్డులు, ఉపగ్రహం, పల్లెలోని కంప్యూటర్ కేంద్రం, చేతిలోని ఫోను ఆ బాధ్యత తీసుకున్నాయి. పాఠం విద్యార్థి దాకా పోయే దారి ప్రతిసారీ త్వరగానే దొరికింది. విద్యార్థి సందేహం, జవాబు, తప్పు మళ్ళీ గురువు దాకా తిరిగొచ్చే దారి వేయడానికే ఎక్కువ కాలం పట్టింది. ఇక్కడి దూరపు చదువుల చరిత్ర చాలామటుకు ఆ రెండో దారి చరిత్రే.

ఈ ప్రాంతమంటే 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన పాత చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు తిరుపతి వేరే జిల్లా అయింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కొండలు, వాన మీద ఆధారపడ్డ వేరుశనగ చేలు, దూరదూరంగా ఉండే చిన్న పల్లెలు, తమిళ కన్నడ సరిహద్దులు కలిసిన నేల ఇది. బడి దూరం కావడం ఇక్కడ చాలా ఇళ్ళలో అనుభవమే.

వీధిబడి పద్ధతి

మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా ఉన్న బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 మార్చిలో ఆయన రాసిన నివేదిక ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. చిత్తూరు, తిరుపతి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి.

ఆనాటి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. ఎక్కాలు, పద్యాలు గొంతెత్తి వల్లించేవారు. ముందు నేర్చిన పెద్దపిల్లలు వెనక వచ్చిన చిన్నపిల్లలకు చెప్పేవారు. ఒక్క పంతులు ఎన్నో స్థాయిల పిల్లలను చూసుకోగలిగింది ఈ ఏర్పాటు వల్లే. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, పిల్లలే పిల్లలకు నేర్పే విధానాన్ని అమలుచేసి, 1797లో దాని మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరు పొందింది. ఇలాంటి ఏర్పాటే రెండు శతాబ్దాల తర్వాత మదనపల్లె దగ్గర కొత్త రూపంలో కనిపిస్తుంది.

పోస్టులో వచ్చిన కాలేజీ

పై చదువుల కోసం రాయలసీమ వాళ్ళు చాలాకాలం మద్రాసు వైపు చూడాల్సి వచ్చింది. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం ఇస్తామన్న మాట ఉంది. చివరికి 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. ఊరు చదువుల ఊరైంది. అయితే కూలికి, ఉద్యోగానికి, పెళ్ళికి చదువు ఆపేసినవాళ్ళు హాస్టల్లో ఉండి తరగతికి రాలేరు.

దేశంలో ఉత్తరాల ద్వారా పాఠాలు పంపే చదువు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంతో మొదలైంది. తిరుపతి విశ్వవిద్యాలయం కూడా తర్వాతి కాలంలో దూరవిద్యా విభాగం నడిపింది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అలాంటి విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇంటర్ పాస్ కానివాళ్ళు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించడం అంబేద్కర్ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద మేలు.

ఇక్కడ ప్రధాన సాధనం అచ్చు పుస్తకం. పాఠం మధ్యలోనే ప్రశ్నలు పెట్టి, చదివేవాడు తనను తాను పరీక్షించుకునేలా ఆ పుస్తకాలను రాయించారు. దానికి తోడు రేడియో, టీవీ ప్రసంగాలు ఉండేవి. సెలవురోజు స్టడీ సెంటరులో కాంటాక్ట్ క్లాసులు జరిగేవి. వారమంతా ఉద్యోగమో సేద్యమో చూసుకుని ఆదివారం బస్సెక్కి వచ్చిన విద్యార్థికి తన సందేహం నోటితో అడిగే చోటు ఆ క్లాసే. ఇంట్లో చదవడం, కొన్ని గంటలు తరగతిలో కూర్చోవడం అనే కలయికను తర్వాతి తరం మిశ్రమ విద్య అని పిలిచింది.

ఆకాశం నుంచి పాఠం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. సైట్ అని పిలిచిన ఈ ప్రయోగంలో ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. కోళ్ళ దడికి వాడే తీగవలతో చేసిన పెద్ద గిన్నెలాంటి యాంటెన్నాలు సంకేతాన్ని అందుకునేవి. కరెంటు, రోడ్డు సరిగా లేని పల్లెకు కూడా బొమ్మలతో పాఠం పంపవచ్చని రుజువైంది. అయితే తెర మాట్లాడుతుంది, పిల్లలు చూస్తారు. అర్థం కాలేదని చెప్పడానికి తెరకు చెవి లేదు.

రేడియో దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆకాశవాణి ప్రాథమిక తరగతులకు ప్రసారం చేసిన ‘విందాం నేర్చుకుందాం’ కార్యక్రమంలో పాఠం మధ్యలో ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేంత సేపు ఆగేవారు. పాట పాడించేవారు, లేచి ఆడించేవారు. ఆ జవాబు స్టూడియోకు చేరదు. పక్కనున్న టీచరు వింటారు. అందుకే ఈ కార్యక్రమం రేడియోతో పాటు టీచరునూ లెక్కలో పెట్టుకుని తయారైంది.

ఋషివ్యాలీ నిచ్చెన

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆయన స్థాపించిన ఋషివ్యాలీ బడి ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం 1980ల చివర చిన్న చిన్న అనుబంధ బడులు మొదలయ్యాయి. వాటికి బోధన పద్ధతి తయారుచేసినవాళ్ళు వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు. ఈ పని నడిపిన సంస్థ పేరు రివర్.

సమస్య వీధిబడి నాటిదే. ఒకటే గది, ఒకరే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. వేరుశనగ కాయలు పీకే రోజుల్లో, మేకలు తోలుకుపోయే రోజుల్లో పిల్లలు బడికి రారు. తిరిగొచ్చేసరికి పుస్తకం ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. వెనకబడ్డ పిల్ల క్రమంగా బడి మానేస్తుంది.

రివర్ చేసిన పని పాఠ్యపుస్తకాన్ని విడగొట్టడం. ఏడాది పాఠాన్ని చిన్న మెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు తయారుచేశారు. కొత్త విషయం చెప్పే కార్డు ఒకటి, దాన్ని సాధన చేయించేవి కొన్ని, వచ్చిందో లేదో చూసేది ఒకటి, రానివాళ్ళకు మళ్ళీ చెప్పేది ఒకటి, వచ్చినవాళ్ళకు ఇంకొంచెం ముందుకు తీసుకుపోయేది ఒకటి. ప్రతి కార్డు మీద ఒక గుర్తు బొమ్మ. గోడ మీద అభ్యసన నిచ్చెన. ఉదయం బడికి వచ్చిన పిల్ల నిచ్చెన మీద తానెక్కడుందో చూసుకుంటుంది, తన కార్డు తానే తీసుకుంటుంది, ఆ గుర్తును బట్టి తన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటారు, మరో గుంపుకు కొంచెం సాయం చేస్తారు. ఇంకో గుంపులో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. వేరొక గుంపు సొంతంగా పని చేసుకుంటుంది. పది రోజులు రాని పిల్ల పదకొండో రోజు వస్తే ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది.

ఇందులో కరెంటుతో నడిచే వస్తువు ఒక్కటీ లేదు. అయినా నేటి ఆన్‌లైన్ కోర్సుల్లో మెచ్చుకునే గుణాలు చాలావరకు ఇక్కడున్నాయి. ఎవరి వేగం వారిది. ఎక్కడున్నదీ కంటికి కనిపిస్తుంది. తప్పు జరిగినచోటే సరిదిద్దే పని ఉంటుంది. పిల్లలు అంగడి పెట్టి కొలతలు, తూకాలు, డబ్బు లెక్కలు చేసే మెట్రిక్ మేళాలకు ఊరి పెద్దలు కూడా వచ్చేవారు. పెట్టెలో బడి అని పేరు పడిన ఈ కార్డుల పద్ధతిని చూసి 1995లో కర్ణాటకలోని మైసూరు జిల్లాలో నలి-కలి మొదలైంది. 2003లో చెన్నై నగరపాలక బడులు దీన్ని తీసుకున్నాయి, తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ పాకింది.

కుప్పంలో కంప్యూటరు, వ్యాన్లో ప్రయోగశాల

మూడు రాష్ట్రాల కూడలి కుప్పం. 1997లో ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పం ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ళ ప్రయోగం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచి కంప్యూటర్లు, ఇంటర్నెట్ పెట్టారు. కొందరు గ్రామీణ మహిళలు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటరు వీపున వేసుకుని ఊరూరా తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చు వేసి ఇచ్చేవారు. గుర్తింపు కార్డుకు, పెళ్ళికి ఫొటో కావాలంటే పట్నం పోనక్కర లేకపోయింది. యంత్రాన్ని తన బతుకుకు పనికొచ్చే పనిలో నేర్చుకోవడం ఈ ప్రయోగం చూపిన మార్గం.

దాదాపు అదే కాలంలో, 1999లో రాంజీ రాఘవన్ స్థాపించిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ కుప్పం దగ్గర 172 ఎకరాల్లో సృజనాత్మక విజ్ఞాన కేంద్రం కట్టింది. ప్రయోగ పరికరాలు వేసుకున్న వ్యాన్లు బడులకు వెళ్ళాయి. వ్యాను పోలేని ఊళ్ళకు మోటారు సైకిల్ మీద చిన్న ప్రయోగశాల వెళ్ళింది. ముందుగా నేర్చిన విద్యార్థులే తోటివారికి ప్రయోగాలు చేసి చూపేవారు.

శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్01 రాకెట్టు 1,950 కిలోల ఎడ్యుశాట్‌ను కక్ష్యలో పెట్టింది. ఇస్రో విద్య కోసమే ప్రత్యేకంగా చేసిన ఉపగ్రహం ఇది. సైట్ నాటి లోటు ఇక్కడ కొంత తీరింది. కొన్ని కేంద్రాలు పాఠాన్ని చూడటమే కాక, వెనక్కి మాట్లాడగలిగేవి. దూరాన ఉన్న తరగతి గది నుంచి అడిగిన ప్రశ్నకు స్టూడియోలోని అధ్యాపకుడు వెంటనే జవాబు చెప్పగలిగాడు. రాష్ట్ర ప్రభుత్వం నడిపిన మనటీవీ కూడా ఉపగ్రహం ద్వారా బడులకు, కాలేజీలకు పాఠాలు పంపింది. ఎడ్యుశాట్ సేవలు 2010 సెప్టెంబరులో ముగిశాయి. అప్పటికి ఇంటర్నెట్ ఆ పని అందుకుంటోంది.

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకూ అందుబాటులోకి వచ్చాయి. 2014 నుంచి వాటికి వారం వారం అసైన్‌మెంట్లు, చర్చావేదిక, పరీక్షా కేంద్రంలో రాసే చివరి పరీక్ష తోడయ్యాయి. తిరుపతిలోనే 2015లో ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధనా సంస్థ ఐసర్ మొదలయ్యాయి. 2017 జులై 9న ఆన్‌లైన్ కోర్సుల జాతీయ వేదిక స్వయం ప్రారంభమైంది. అదే ఏడాది సెప్టెంబరు 5న బడి చదువుల వేదిక దీక్ష వచ్చింది. దాంతో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూపిస్తే ఆ పాఠం వీడియో తెరుచుకునే వీలు కలిగింది.

బడి మూతపడ్డ ఏడాది

2020 మార్చి 19 నుంచి కరోనా వల్ల రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. అంతవరకు తోడుగా ఉన్న సాధనాలే ఒక్కసారిగా బడి అయ్యాయి. ఏడుకొండల పేరు పెట్టుకున్న దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో విద్యావారధి పేరుతో పాఠాలు వచ్చాయి. విద్యాశాఖ పిల్లలను మూడు రకాలుగా లెక్కించింది: ఇంటర్నెట్ ఉన్నవాళ్ళు, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నతో పాటు పనికి వెళ్ళిపోతే పిల్లకు తరగతి లేనట్టే. కొండపల్లెల్లో సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాల్సి వచ్చేది.

టీచర్లు వాట్సాప్ గుంపుల్లో పాఠం, లెక్కలు పంపారు. పిల్లలు నోటుపుస్తకంలో చేసి ఫొటో తీసి తిరిగి పంపారు. టీచరు తప్పు దగ్గర గీత పెట్టి, గొంతు రికార్డు చేసి వివరించారు. కాలేజీల్లో జూమ్, గూగుల్ క్లాస్‌రూమ్ వచ్చాయి. గంటసేపు తెర ముందు ఉపన్యాసం విననివాళ్ళు, మధ్యలో చిన్న క్విజ్ పెట్టినప్పుడో, నలుగురైదుగురిని విడిగా చర్చకు కూర్చోబెట్టినప్పుడో ముందుకు వచ్చారు. కెమెరా ముందు మాట్లాడటానికి సిగ్గుపడే పిల్ల చాట్‌లో ప్రశ్న రాసింది. నవంబరు 2 నుంచి పెద్ద తరగతులతో బడులు తెరుచుకున్నాయి.

ట్యాబు, తరగతి గది

2022 డిసెంబరు 21 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వాళ్ళ టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులు పంచింది. ఇంటర్నెట్ లేకపోయినా చూసేలా పాఠాలు ముందే నింపి ఇచ్చారు. కరోనా నేర్పిన పాఠం అందులో కనిపిస్తుంది. తరగతి గదుల్లో నల్లబల్ల పక్కన తాకితే స్పందించే పెద్ద తెరలు బిగించారు.

ఉన్నత విద్యలో ఆన్‌లైన్ చదువుకు చోటు నిబంధనల రూపంలో వచ్చింది. స్వయం కోర్సుల ద్వారా ఒక డిగ్రీలో 20 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లో చెప్పింది. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అదే ఏడాది మేలో విడుదల చేసిన మిశ్రమ బోధన పత్రం, ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో, మిగతాది ఎదురెదురుగా చెప్పవచ్చని ప్రతిపాదించింది. ఇంట్లో వీడియో చూసి రావడం, తరగతిలో ఆ విషయం మీద లెక్కలు చేయడం, సందేహాలు అడగడం అనే పద్ధతికి ఈ పంపకం చోటిచ్చింది. తెరకు పాఠం మోసే పని అప్పగిస్తే, ఎదురుగా ఉన్న గంట ప్రశ్నలకు మిగులుతుంది. ఆదివారం కాంటాక్ట్ క్లాసు చేసిన పని అదే. ఋషివ్యాలీ బడిలో పిల్ల తన కార్డుతో కూర్చున్నప్పుడు టీచరు చేతికి దొరికిన తీరిక కూడా అదే.