ప్రార్థన వరుసలో చోటు దొరకని గొంతులు

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం అనగానే చెన్నకేశవస్వామి గుడో, కంభం చెరువో, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు మనం కర్నూలు జిల్లాలో ఉన్న రోజులో గుర్తుకొస్తాయి. వాటి గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుకని నేను వేరే చరిత్ర ఎంచుకున్నాను. అది రాక్ సంగీతంలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ల చరిత్ర. పలకలు చేసి దేశమంతా పంపిన మార్కాపురం వాళ్లకు రాక్ అంటే రాయే. ఈ సంగీతం పేరులో మాత్రం ఆ మాటకు ఊగడం అని అర్థం.

బడి సంచికలో ఈ పాటల గొడవేమిటని మన మాస్టార్లు అడగవచ్చు. సంబంధం ఉంది. ప్రతి బడిలోనూ ఉదయం ప్రార్థనకు ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను ముందు నిలబెడతారు. గొంతు సన్నగా, తీయగా ఉన్నవాళ్లకే ఆ చోటు. గొంతు కాస్త బండగా ఉన్న పిల్ల వెనక వరుసలో పెదవులు కదుపుతూ ఉండిపోతుంది. ప్రపంచం ఊగిపోయేలా పాడిన కొందరు ఆ వెనక వరుస నుంచి వచ్చినవాళ్లే.

పత్తి చేల నుంచి

రాక్ అనగానే ఎల్విస్ ప్రెస్లీ పేరు చెబుతారు. ఆయనకంటే ముందు ఒక నల్లజాతి స్త్రీ ఉంది. ఆమె సిస్టర్ రోసెట్టా థార్ప్. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో 1915లో పుట్టింది. ఊరి పేరు కాటన్ ప్లాంట్, అంటే పత్తి మొక్క. తల్లి చర్చిలో పాడుతూ బోధ చేసేది. రోసెట్టా నాలుగైదేళ్ల వయసులోనే గిటారు పట్టింది. 1938లో న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్‌లో పాడింది. దేవుడి పాటలు క్లబ్బులో పాడటమేమిటని చర్చివాళ్లు నొచ్చుకున్నారు. ఆమె మానలేదు. 1944లో ఎలక్ట్రిక్ గిటారుతో ఆమె రికార్డు చేసిన ఒక భక్తి పాటను మొదటి రాక్ పాటల్లో ఒకటిగా చాలామంది చరిత్రకారులు లెక్కిస్తారు.

1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రైళ్లు ఆగిపోయిన ఒక పాత స్టేషన్లో టీవీ కార్యక్రమం పెట్టారు. జనం ఒక ప్లాట్‌ఫాం మీద కూర్చున్నారు, రోసెట్టా ఎదుటి ప్లాట్‌ఫాం మీద నిలబడి వాన తడిలో గిటారు వాయించింది. తర్లుపాడు, గిద్దలూరు స్టేషన్లలో బండి కోసం ఎదురుచూసిన మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఇంత చేసిన మనిషి 1973లో చనిపోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టడానికి 35 ఏళ్లు పట్టింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దొరికింది 2018లో.

టీనా టర్నర్ కూడా పత్తి పల్లె బిడ్డే. అసలు పేరు అన్నా మే బులక్. 1939లో పుట్టింది. టెనెసీ రాష్ట్రంలోని నట్‌బుష్ ఆమె ఊరు. చిన్నప్పుడు చేలో పత్తి తీసింది. పాటల జోడీగా పేరు తెచ్చుకున్న భర్త చేతిలోనే ఏళ్ల తరబడి దెబ్బలు తిని, 1976లో చేతిలో 36 సెంట్లతో బయటపడింది. వేదిక మీద మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి 1984లో ప్రైవేట్ డాన్సర్ ఆల్బంతో నిలబడింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. ఆమె చదివిన బడి ఫ్లాగ్ గ్రోవ్ ఒంటి గది బడి. నల్లజాతి పిల్లల కోసం కట్టింది. పాడుబడిన ఆ గదిని దగ్గరలోని బ్రౌన్స్‌విల్ పట్టణానికి తరలించి, బాగుచేసి, 2014లో టీనా టర్నర్ మ్యూజియంగా తెరిచారు. పూర్వ విద్యార్థిని పేరుతో ఒక బడి గది బతికింది.

జానిస్ జోప్లిన్ కథ మరో తీరు. టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో చదువుకునే రోజుల్లో తోటి పిల్లలు ఆమె రూపాన్నీ నడతనూ ఎగతాళి చేశారు. గీరుకుపోయినట్టుండే ఆ గొంతే తర్వాత లక్షలమందిని కదిలించింది. 1970 ఆగస్టులో ఆమె తన బడి బ్యాచ్ పదేళ్ల కలయికకు వెళ్లింది. పేరు వచ్చాక వెళితే ఆ పాత మాటలు మాసిపోతాయని ఆశపడి ఉండవచ్చు. విలేకరులు చుట్టుముట్టారు, పాత దూరం మాత్రం అలాగే ఉంది. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరు 4న, 27 ఏళ్లకే చనిపోయింది. ఏటా కలుసుకునే మనం ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

మద్రాసు మీదుగా మన ఊళ్లకు

ఈ ఊపు మన నల్లమల అంచు ఊళ్లకు అమెరికా నుంచి నేరుగా రాలేదు. మద్రాసు సినిమా స్టూడియోల మీదుగా వచ్చింది. కడప, విజయవాడ ఆకాశవాణి కేంద్రాలు, వివిధభారతి, మీనాక్షి పొన్నుదురై వినిపించిన సిలోన్ రేడియో తెలుగు పాటలు, పెళ్లి పందిళ్ల మైకుసెట్లు, టూరింగ్ టాకీసులు దాన్ని మన చెవుల దాకా మోసుకొచ్చాయి. అలా వచ్చిన గొంతుల్లో మొదట చెప్పుకోవలసింది ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు.

ఆమె మద్రాసులోని ఒక తమిళ క్రైస్తవ కుటుంబంలో 1939లో పుట్టింది. అసలు పేరు లూర్దు మేరీ రాజేశ్వరి. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి నిర్మల సినిమాల్లో కోరస్ పాడి ఇల్లు నడిపింది. అమ్మ చెయ్యి పట్టుకుని స్టూడియోకు వెళ్లి కూతురూ కోరస్‌లో నిలబడింది. అప్పటికే ఎం.ఎస్. రాజేశ్వరి అనే గాయని ఉండటంతో ఈమె పేరు ఈశ్వరిగా మారింది. వెనక వరుస నుంచి ముందు మైకు దాకా ఆమెను తెచ్చిన సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్.

తెలుగులో ఆమె పాటల జాబితా మనలో చాలామందికి కంఠతా వచ్చు. 1971లో ప్రేమ్‌నగర్, 1972లో అమ్మమాట సినిమాలోని మాయదారి సిన్నోడు, 1973లో దేవుడు చేసిన మనుషులు సినిమాలోని మసక మసక, 1978లో మరోచరిత్రలో బాలుతో కలిసి పాడిన పాట. గిటారు, డ్రమ్ములు, బాకాలు ఒకవైపు మోగుతుంటే వాటికి లొంగకుండా నవ్వు, విసురు, అరుపు కలిపి పాడటం ఆమెకే చెల్లింది. ఇవి కచ్చితంగా రాక్ పాటలని నేను వాదించను. తెలుగు ఆడ గొంతు మొహమాటం వదిలి అరవగలదని మనకు తెలిసింది మాత్రం వీటి వల్లే.

చాలా సినిమాల్లో కథానాయికకు సుశీలమ్మ పాడితే క్లబ్బు డాన్సుకు ఈశ్వరి పాడింది. ఆ పంపకం తెర మీదే ఆగలేదు. ఇంట్లో మగవాళ్లు ఈల వేసి విన్న పాటనే ఆడపిల్ల కూనిరాగం తీస్తే కళ్లెర్రజేశారు. అదే ఈశ్వరి పాడిన మారియమ్మ పాటలు తమిళనాట ఆషాఢం జాతరల్లో గుళ్ల ముందు మోగుతూనే ఉన్నాయి. క్లబ్బుకూ గుడికీ ఒకే గొంతు సరిపోయింది. రోసెట్టా విషయంలోనూ జరిగింది ఇదే. గొంతులో మంచీచెడ్డా లేవు. అది ఎక్కడ మోగిందన్నది చూసి లోకం మార్కులు వేసింది.

చీరకట్టులో రాక్

ఉషా ఉతుప్ 1947లో బొంబాయిలో ఒక తమిళ కుటుంబంలో పుట్టింది. గొంతు మోటుగా ఉందని బడిలో సంగీతం క్లాసు నుంచి ఆమెను బయటికి పంపారు. పిల్లలో సంగీతం ఉందని గుర్తించిన టీచరు చేతికి చిడతల్లాంటివి ఇచ్చి తాళం వేయనిచ్చింది. 1969లో మద్రాసు మౌంట్ రోడ్డులోని నైన్ జెమ్స్ అనే నైట్‌క్లబ్‌లో కంచిపట్టు చీర కట్టుకుని ఇంగ్లీషు పాటలు పాడింది. గాయని అంటే పొట్టి గౌను అనుకునే చోట చీర, నిండా గాజులు, పెద్ద బొట్టు. తెలుగుతో సహా ఎన్నో భాషల్లో పాడింది. 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్ వచ్చాయి.

మన తరువాతి తరానికి విజయవాడ అమ్మాయి స్మిత తెలుగు పాప్ ఆల్బంలు తెచ్చింది. ఆమె తొలుత ఈటీవీ పాడుతా తీయగాలో కనిపించిన గాయని. ఈశ్వరి పాడిన మసక మసకను కొత్త వాద్యాలతో మళ్లీ పాడి కుర్రకారుకు చేరవేసింది. ఒకనాడు ఇంట్లో పాడొద్దన్న పాటను తల్లీ కూతుళ్లు టీవీ ముందు కలిసి కూర్చుని చూశారు. ముప్పై ఏళ్లలో వచ్చిన మార్పు అది.

మన బడికి ఒక మనవి

గెంటేసిన బడి ఒకటైతే, అదే బడిలో చేతికి తాళం ఇచ్చిన టీచరు ఒకరు. ఉష జీవితంలో ఆ రెండోది లేకపోతే మొదటిదే మిగిలేది. మనల్ని దిద్దిన ఉపాధ్యాయులందరికీ నమస్కరిస్తూ, ఇప్పుడు పనిచేస్తున్న టీచర్లకు ఒక్క మాట. పలక మీద అక్షరాలు అందరివీ ఒకేలా రావు, అయినా అందరిచేతా దిద్దిస్తాం. పాటకూ అదే న్యాయం చేయండి. వచ్చే వార్షికోత్సవానికి గొంతు బండగా ఉన్న పిల్లను కూడా ముందుకు పిలవండి.

పూర్వ విద్యార్థుల సంఘాలు బడులకు బీరువాలు, ఫ్యాన్లు, బల్లలు ఇస్తుంటాయి. అవీ కావాలి. ఈ స్వర్ణోత్సవ ఏడాది మన సంఘం వాటితోపాటు ఒక మంచి మైకు, ఒక గిటారు, ఒక జత డ్రమ్ములు కూడా ఇస్తే బాగుంటుంది. వాటి తాళంచెవి ఆడపిల్లల చేతికి అందేలా చూడవలసిన బాధ్యత కూడా మనదే.