గ్రాండ్ కాన్యన్‌లో నంబర్ ట్యాగ్‌తో ఎగిరే పక్షి కథ

అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు చాలామంది లోయని ఫొటో తీసుకుని వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఆకాశం వైపు కూడా చూడండి. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులుండే నల్లటి పక్షి కనిపించొచ్చు. రెక్క మీద నంబర్ ట్యాగ్ ఉంటుంది. దాని పేరు కాలిఫోర్నియా కాండోర్. మన రాబందు లాగే చచ్చిన జంతువుల్ని తిని బతుకుతుంది. మరి అడవి పక్షికి నంబర్ ఎందుకు? ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

గ్రాండ్ కాన్యన్ గుహల్లో పదివేల ఏళ్లు దాటిన కాండోర్ ఎముకలు దొరికాయి. అంటే అది వాటి సొంతూరు. కానీ అరిజోనాలో చివరిసారి కనిపించింది 1924లో. ఆ తర్వాత మిగిలినవి కాలిఫోర్నియా కొండల్లోనే. జనం తుపాకులతో కాల్చారు, తిండిలో విషం కలిసింది. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి 22. పైగా ఇది మామూలుగా రెండేళ్లకి ఒక్క గుడ్డే పెడుతుంది.

ఇక్కడే పెద్ద గొడవ మొదలైంది. అన్నింటినీ పట్టుకుని జూలో పెంచుదామని ప్రభుత్వం అంది. పర్యావరణవాది డేవిడ్ బ్రౌవర్ లాంటివాళ్లు ఒప్పుకోలేదు. అడవి లేని కాండోర్ అసలు కాండోరే కాదని వాళ్ల వాదన. ఆడుబాన్ సొసైటీ అయితే కోర్టుకే వెళ్లింది, చివరికి ఓడిపోయింది. 1987 ఏప్రిల్ 19న ఏసీ-9 అనే ఆఖరి అడవి కాండోర్‌ని పట్టుకున్నారు. మొత్తం 27 పక్షులు. ఆ రోజు నుంచి ఆకాశంలో ఒక్క కాండోర్ కూడా లేదు.

జూలో మొదటి గుడ్డు తీసేస్తే పక్షి ఇంకోటి పెడుతుంది. అలా సంఖ్య పెంచారు. పిల్లలు మనుషులకి అలవాటు పడకుండా, కాండోర్ తల ఆకారంలో ఉన్న బొమ్మని చేతికి తొడుక్కుని తినిపించారు. 1992లో కాలిఫోర్నియాలో, 1996 డిసెంబర్ 12న అరిజోనాలోని వర్మిలియన్ క్లిఫ్స్ దగ్గర ఆరు పక్షుల్ని వదిలారు. ఏసీ-9 కూడా 2002లో మళ్లీ అడవికి వెళ్లింది.

హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారా? ఆగండి. బ్యాకప్ రీస్టోర్ చేశారు సరే, బగ్ మాత్రం అలాగే ఉంది. ఆ బగ్ పేరు సీసం. వేటగాళ్లు అడవిలో వదిలేసిన పేగుల్లో సీసం తూటా ముక్కలుంటాయి. వాటిని తిన్న కాండోర్ విషమెక్కి చచ్చిపోతుంది. అందుకే 2005 నుంచి అరిజోనా ప్రభుత్వం వేటగాళ్లకి సీసం లేని తూటాలు ఫ్రీగా ఇస్తోంది. కాలిఫోర్నియా 2019లో వేటకి సీసం తూటాలే నిషేధించింది. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది కదా! పశువులకి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు రాబందుల్ని చంపేస్తోందని తెలిసి 2006లో బ్యాన్ చేశారు.

ఇప్పుడు కాండోర్లు 500 దాటాయి. అయినా 2023లో ఒక్క బర్డ్ ఫ్లూకే అరిజోనా-యూటా గుంపులో 21 చనిపోయాయి. అంత సన్నటి దారం మీద నిలబడి ఉంది ఈ కథ.

అందుకే ఆ నంబర్. ఏ పక్షి ఎక్కడ తిరుగుతోంది, దేనికి ట్రీట్‌మెంట్ కావాలి అని ఒక్కోదాన్నీ గమనిస్తూనే ఉండాలి. మీరు వెళ్తే మార్బుల్ కాన్యన్‌లో నవాహో బ్రిడ్జ్ మీద కాసేపు ఆగండి, కింద ఇనుప దూలాల మీద అవి వచ్చి కూర్చుంటుంటాయి. తిండి మాత్రం వేయకండి, దగ్గరికి పోకండి.

మరి మీరేమంటారు? 1987లో అన్నింటినీ పట్టుకోవడం కరెక్టేనా? నా మటుకు నాకు కరెక్టే అనిపిస్తుంది, తూటా మార్చే పని కూడా పూర్తి చేస్తేనే. కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!