జిల్లా నుండి గుంట వరకు: సిద్దిపేట సీమలో భూమి పట్టికల చరిత్ర

సిద్దిపేట సీమలోని రైతు తన చెలక ఎక్కడనున్నదో చెప్పవలసివచ్చినప్పుడు జిల్లా పేరుతో ఆరంభింపడు. చెరువుకట్టకు దిగువను, వాగునకు ఇవతలి గట్టున, ఫలానావారి బావి నానుకొని యున్న భూమియని చెప్పును. విన్నవారికి ఆ మాత్రము చాలును. ఆ రైతే తన భూమి వివరములను ప్రభుత్వపు పోర్టలులో చూడగోరినచో మొదట జిల్లాను, పిమ్మట మండలమును, ఆ మీదట గ్రామమును, తుదకు సర్వే నంబరును, ఒకటి ఎంచుకొన్న పిదపగాని మరియొకటి తెరచుకొనని జాబితాలనుండి వరుసగా ఏరుకొనవలెను. పైనుండి క్రిందికి దిగుచు పోవు ఈ పట్టిక కంప్యూటరుతో పుట్టినది కాదు. నిజాము రాజ్యపు దఫ్తరములలో నూటయేబది యేండ్లకు పూర్వము నాటబడిన వృక్షమునే నేటి తెర మనకు చూపుచున్నది. ఆ వృక్షపు కొమ్మలు పలుమార్లు నరకబడి వేరొక మ్రానికి అంటుకట్టబడినను, ఆకులు మాత్రము తమ గుర్తును పోగొట్టుకొనలేదన్నదియే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచుచున్నది.

మొదటి సాలార్ జంగు దివానుగా నుండిన కాలమున, 1865లో, జిలాబందీ జరిగినది. అంతకు పూర్వము శిస్తు వసూలును గుత్తకు పుచ్చుకొనిన తాలూకాదారుల చేతులలో నలిగిన పల్లెలు నాటినుండి జీతగాండ్రయిన ఉద్యోగుల క్రిందికి వచ్చి, జిల్లా, తాలూకా, గ్రామము అను మెట్ల వరుసలో అమర్పబడినవి. సిద్దిపేట ఒక తాలూకాగా ఆ వరుసలో తన స్థానమును పొందినది. కాని ఊరిపేరుతో ఆగిపోవు పట్టిక శిస్తు లెక్కకు చాలదు. పొలము పొలమునకు ఒక గుర్తు కావలెను. 1875 ప్రాంతమున బొంబాయి రాష్ట్రపు పద్ధతి ననుసరించి నెలకొల్పబడిన సర్వే సెటిల్మెంటు శాఖ ఆ కొరతను తీర్చినది. కొలతగాండ్రు ఊరి సరిహద్దులోని భూమినంతయు కొలిచి, ఒకటి మొదలుకొని వరుసగా నంబరులు వేసి, తరి (మాగాణి) యేదో ఖుష్కి (మెట్ట) యేదో నిర్ణయించి, విస్తీర్ణమును ఎకరములలోను గుంటలలోను, గ్రామపు మూలపట్టికయగు సేత్వార్‌లో కెక్కించిరి. గుంటయనగా నూటయిరువదియొక్క చదరపు గజములు. నలువది గుంటలు ఒక ఎకరము. తీరాంధ్రమున సెంట్ల లెక్క నడచుచుండ తెలంగాణమున నేటికిని గుంటల లెక్కయే చెల్లుచున్నది.

ప్రతి గ్రామమున నంబరులు మరల ఒకటితోనే మొదలగును గనుక, ఊరిపేరు చెప్పక నంబరు మాత్రమే చెప్పినచో ఏ భూమియో తెలియదు. ఒకే పేరుగల ఊళ్లు పెక్కులుండుటచే ఊరిపేరు చెప్పినను తాలూకా తెలియనిదే నిర్ధారణ కాదు. పై మెట్టు లేక క్రింది మెట్టునకు అర్థము లేకపోవుట ఇట్టి పట్టికలన్నిటికిని సహజగుణము.

ఈ మెట్లను ఎక్కుట దిగుట తెలిసినవాడు ఆనాడు ఊరిలో ఒక్కడే: పట్వారీ. మాలీ పటేలు శిస్తు వసూలును, పోలీసు పటేలు శాంతిభద్రతలను చూచుచుండగా, వారిద్దరికిని దొరకని బలము పట్వారీకి దస్తరపు మూటవలన లభించినది. 1317 ఫసలీలో, అనగా 1907–08లో, వెలువడిన హైదరాబాదు భూమిశిస్తు చట్టము రికార్డులకు కట్టుదిట్టమైన రూపము నొసగినను, సాలుసరి సాగుపట్టికయగు పహాణీలో ఏ యేట ఎవని పేరు అనుభవదారుగా ఎక్కవలెనో పల్లెలో నిర్ణయించినది అతని కలమే. నంబరును అడిగినంతనే పుట విప్పి చూపగల అతని నేర్పు మెచ్చదగినదే యైనను, ఆ నేర్పు వంశపారంపర్యపు సొత్తుగా మారి చదువురాని రైతును అతని గుమ్మముకడ నిలువబెట్టినది. తెలంగాణ రైతాంగ పోరాటకాలమున పల్లెలలో పట్వారీ దస్తరములపై చెలరేగిన ఆగ్రహమునకు మూల మిదియే.

1949లో జాగీరులు రద్దయిన పిమ్మట, 1954–55లో ఖాస్రా పహాణీ తయారైనది. పొలము పొలమునకు పట్టాదారు పేరును అనుభవదారు పేరును నమోదు చేసిన ఆ గ్రంథము భూవివాదములలో నేటికిని న్యాయస్థానములు తిరుగవేయు మూలపత్రము. దాని వెనుక 1955–58 నాటి చేసాల పహాణీ వచ్చినది. అప్పటినుండి పట్టికలో పెరుగుదల యంతయు క్రిందివైపుననే. తండ్రి గతించి విరాసత్ జరిగి అన్నదమ్ములు భాగములు పంచుకొన్నప్పుడు నంబరు మారదు. దాని ప్రక్కన గీత గీచి అ, ఆ, ఇ యని అక్షరములు చేరును. ‘అ’ భాగమును కుమారులు మరల పంచుకొన్నచో అక్షరము వెనుక అంకె చేరును. గీతలు రెండు మూడు దాటిన నంబరును చూచినంతనే ఆ యింట ఎన్ని తరములు ఆ మట్టిని పంచుకొన్నవో తెలిసికొనవచ్చును. వంశవృక్షమును ఇంత పొదుపుగా వ్రాసిన లిపి మరియొకటి నాకు కనబడలేదు.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పటేలు పట్వారీ వ్యవస్థను రద్దు చేసినది. మరుసటి యేట తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. సిద్దిపేట తాలూకాలోని ఊళ్లు చిన్నకోడూరు, నంగునూరు మొదలగు మండలముల క్రిందికి పోయినవి. కేంద్రప్రభుత్వము 1988–89లో భూరికార్డులను కంప్యూటరులోని కెక్కించుటకై దేశమున ఎనిమిది జిల్లాలను ప్రయోగార్థము ఎన్నుకొనగా, అందు రంగారెడ్డి జిల్లా ఒకటి.

ఇచ్చట కంప్యూటరు చరిత్రను కొంత తడవుట అవసరము. 1966 మొదలుకొని ఐ.బి.ఎం. సంస్థ, చంద్రయాత్రకు అపోలో నౌకను నిర్మించుచుండిన రాక్‌వెల్ సంస్థతో కలసి, ఆ నౌకకు కావలసిన అసంఖ్యాకమైన భాగములను అవయవము క్రింద ఉపాంగము, దాని క్రింద మర, మేకు అను క్రమమున చూపు ఒక వ్యవస్థను రూపొందించినది. ఐ.ఎం.ఎస్. అని పేరుగొన్న ఆ వ్యవస్థ పిమ్మట బ్యాంకులకును వర్తకశాలలకును వ్యాపించినది. అందు ఏ వస్తువును చేరవలెనన్నను పైనుండి దారిపట్టి దిగవలసినదే. ఆ సంస్థలోనే పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించిన వ్యాసమున దీనిని విమర్శించి, సమాచారమును కోరువాడు అది ఏ దారిలో దాచబడినదో ఎరుగవలసిన పని యుండరాదని ప్రతిపాదించెను. ఆయన సిద్ధాంతముపై నిర్మితమైన పట్టికలే నేడు లోకమంతట నడచుచున్నవి. అయినను మన భూమి పోర్టలులో, లోపలి అమరిక యెట్టిదైనను, రైతునకు కనబడు వాకిలి మాత్రము పాత దారినే చూపుచున్నది.

ఆ దారి యెంత అస్థిరమో సిద్దిపేటవారికి 2016 అక్టోబరు 11న తెలిసినది. ఆనాడు సిద్దిపేట తానే జిల్లాయైనది. మెదకు జిల్లానుండి సిద్దిపేట, గజ్వేలు, దుబ్బాక ప్రాంతములును, కరీంనగరమునుండి హుస్నాబాదు, కోహెడ, బెజ్జంకియు, వరంగల్లునుండి చేర్యాల, కొమురవెల్లి, మద్దూరును వచ్చి ఒకే కొమ్మ క్రింద చేరినవి. నిన్నటివరకు వరంగల్లు జాబితాలో వెదకిన చేర్యాల రైతు మరునాటినుండి ఆ జాబితాలో తన మండలమును కానడు. కాని అతని సర్వే నంబరు, దాని ప్రక్క గీత, గీత ప్రక్క అక్షరము చెక్కుచెదరలేదు. పాత పహాణీ నకలుపై వరంగల్లు జిల్లా యనియు, క్రొత్త పాసుపుస్తకముపై సిద్దిపేట జిల్లా యనియు వ్రాయబడియున్నను భూమి యొక్కటేనని నిరూపించునది ఆ నంబరే.

మల్లన్నసాగరమునకై ఖాళీయైన వేములఘాటు, పల్లెపహాడు వంటి ఊళ్ల సంగతి ఇంకను ఆలోచింపదగినది. 2022లో ప్రారంభింపబడిన ఆ యేబది టి.ఎం.సి.ల జలాశయము క్రింద పొలము గట్లు మునిగిపోయినవి, జనులు గజ్వేలు చెంతకు తరలిపోయిరి. ఇకపై అక్కడ దున్నువాడు లేడు, పంచుకొనువాడును లేడు. ఐనను ఆ ఊళ్ల సేత్వార్లను భద్రపరచవలెనని నేను కోరుదును. ఒక గ్రామము ఉండెననుటకు, అందు ఎవరెవరు ఎంతెంత భూమిని సాగుచేసిరనుటకు అంతకు మించిన సాక్ష్యము లేదు.

2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టలును 2025 ఏప్రిలులో భూభారతి తొలగించి దాని స్థానమున నిలిచినది. క్రొత్త భూభారతి చట్టము ప్రతి భూకమతమునకు భూధార్ అను విశిష్టసంఖ్య నొసగుటకు వీలు కల్పించుచున్నది. జిల్లా మారినను మండలము చీలినను మారని సంఖ్య రైతు చేతికి వచ్చుట, కాడ్ పండితుడు కోరిన మేలే రైతునకు చేకూరుట. కాని ఆ సంఖ్య పుట్టిననాడు దానితోపాటు సేత్వార్ నంబరును, ఖాస్రాలోని పేరును, నడుమ చేరిన ప్రతి గీతను, ప్రతి అక్షరమును అదే తెరపై చూపునట్లు చేయవలెను. ఒక అక్షరము తప్పుగా ఎక్కినందువలన తాత పేరును తన పేరుతో కలుపుకొనలేక తహసీలు కార్యాలయము చుట్టు తిరుగు రైతునకు క్రొత్త సంఖ్యకంటె ఆ వెనుకటి మెట్లే ముఖ్యములు.