గంజి బిరుసు, కొవ్వు మెత్తన

హైదరాబాద్ తార్నాక చౌరస్తా చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లలో టేబుల్ మీద గ్లాసులో నిలబెట్టే పల్చటి తెల్ల కాగితం అందరికీ తెలిసిందే. దోసె తిన్న చేతిని దానితో తుడిస్తే నూనె పోదు, కాగితమే జారిపోతుంది. చెయ్యి తడిగా ఉంటే ముద్దయి వేళ్లకు అంటుకుంటుంది. అదే కాస్త ఖరీదైన హోటల్‌లో ఇచ్చే టిష్యూ బుగ్గకు తగిలినా గరుకు అనిపించదు, తడిసినా చటుక్కున చిరగదు. రెండూ గుజ్జుతో చేసినవే. ఏ చెట్టు గుజ్జు వాడారు, దాన్ని ఎలా ఆరబెట్టారు, అందులో ఏ పిండి, ఏ కొవ్వు కలిపారు అన్న దగ్గరే తేడా వస్తుంది.

వాడి పారేసే ఈ కాగితం వెనక పాత రసాయన కథ ఉంది. గంజి పెడితే కాగితం గట్టిపడుతుంది, బిరుసెక్కుతుంది. కొవ్వు తగిలిస్తే మెత్తబడుతుంది, బలం పోతుంది. ఈ రెండింటినీ ఒకే కాగితంలో సర్దడానికే వందేళ్ల పరిశోధన సరిపోయింది. ఆ గంజినే దారంగా తీస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన తర్వాత వచ్చింది.

గంజి సంగతి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. చేనేత వాడల్లో పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం తరతరాల పని. గంజి దారం మీది నూగును అణిచిపెడుతుంది, మగ్గం మీద పోగు తెగకుండా కాస్తుంది. కాగితానికి చేసిందీ అదే. గుజ్జుతో తీసిన కాగితం మీద సిరా పెడితే పాకిపోతుంది. పిండి ఉడికించిన జిగురు పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దితే కలం జారుతుంది, అక్షరం నిలబడుతుంది. 19వ శతాబ్దం చివర్లో వియన్నా వృక్షశాస్త్రవేత్త జూలియస్ వీస్నర్ ఈజిప్టులో దొరికిన పాత అరబ్బు కాగితాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, వాటికి పిండి పూత ఉందని తేల్చాడు. ఆ పరీక్షను ఈనాటికీ కాలేజీ ల్యాబ్‌లో చేసి చూడొచ్చు. కాగితం మీద పల్చటి అయోడిన్ చుక్క వేస్తే, పిండి ఉన్నచోట ముదురు నీలం తేలుతుంది.

నిజాం రాజ్యంలో ఈ విద్యకు పేరున్న ఊళ్లు ఉండేవి. దౌలతాబాద్ పక్కన కాగజీపురా ఒకటి, పాలమూరు ప్రాంతంలో కోయిల్‌కొండ ఇంకొకటి. అమెరికా కాగిత చరిత్రకారుడు డార్డ్ హంటర్ 1937లో భారతదేశమంతా తిరిగి చేతికాగితం చేసే కుటుంబాలను చూసి, 1939లో వాళ్ల మీద ఒక పుస్తకమే వేశాడు. అప్పటికే మిల్లు కాగితం ముందు చేతికాగితం ఓడిపోతోంది. గంజి కాగితానికి ఇంకో శత్రువు కూడా ఉంది. పిండి అంటే పురుగుకు ప్రాణం, పాత దస్తావేజుల్లో పురుగు తిన్న చిల్లులే అందుకు సాక్ష్యం.

మిల్లుల యుగానికి 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫ్రెడరిక్ ఇల్లిగ్ దారి వేశాడు. చెట్టు బంక, పటిక కలిపి గుజ్జులోనే పోస్తే, తర్వాత ఒక్కో కాగితానికీ విడిగా జిగురు పూయక్కర్లేదని చూపించాడు. గంజి మాత్రం పోలేదు, పైపూతగానూ గుజ్జులో బలానికీ మిల్లుల్లోనే ఉండిపోయింది. తెలుగునాట రాజమండ్రిలో 1920లలోనే కాగితం మిల్లు వచ్చింది. నిజాం రాజ్యంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ కంపెనీ ఏర్పడి, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆదిలాబాద్ అడవుల వెదురే దానికి ముడిసరుకు. కొత్తపేట అనే ఊరు ఆ మిల్లు వల్లే కాగజ్‌నగర్ అయింది. 2014లో మూతపడిన ఆ మిల్లును 2018లో జేకే పేపర్ చేజిక్కించుకుని మళ్లీ నడిపిస్తోంది.

ఆ మిల్లులన్నీ రాసుకోవడానికి, అచ్చు వేయడానికి, చుట్టి కట్టడానికి కాగితం చేశాయి. తుడిచి పారేసే కాగితం వేరే దేశంలో, వేరే అవసరంలోంచి పుట్టింది. 1857లో న్యూయార్క్‌లో జోసెఫ్ గయెట్టీ అనే వ్యాపారి మరుగుదొడ్డి కాగితాన్ని కలబంద రసం పట్టించి మరీ అమ్మాడు. మెత్తదనం కోసం కాగితానికి ఏదో ఒకటి కలపాలన్న ఆలోచన అంత పాతది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకు కట్టే దూది చాలక, కింబర్లీ క్లార్క్ కంపెనీ చెక్క గుజ్జుతో దూదిలాంటి పొరలు చేసింది. యుద్ధం అయిపోయాక ఆ సరుకును 1920లో స్త్రీల శానిటరీ ప్యాడ్‌గా, 1924లో ముఖం మీది కోల్డ్ క్రీమ్ తుడుచుకునే ‘క్లీనెక్స్’గా బజార్లోకి తెచ్చింది.

టిష్యూ తయారీలో చూడదగ్గ పని ఒకటుంది. తడి కాగితపు పొరను వేడి ఇనుప డ్రమ్ముకు అంటించి ఆరబెడతారు. ఆరిన పొరను చాకులాంటి బద్దతో డ్రమ్ము మీంచి గీరేస్తారు. ఆ గీరుడుకు కాగితం సన్నసన్నటి ముడతలు పడుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఆ అలలు కనిపిస్తాయి. ఆ ముడతల వల్లే టిష్యూ కాస్త సాగుతుంది, నీళ్లు పీలుస్తుంది, చేతికి మెత్తగా తగులుతుంది.

అయితే ముడతలు ఒక హద్దు వరకే పనికొస్తాయి. కాగితంలో సెల్యులోజ్ పోగులు ఎండేటప్పుడు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. బలమూ బిరుసూ రెండూ ఆ పట్టువల్లే. మెత్తబడాలంటే పట్టు సడలాలి. 1960లు, 70లలో ఆ సడలింపుకు క్వాటర్నరీ అమోనియం లవణాలు దొరికాయి. వాటి అణువుకు ఒక చివర ధనావేశం ఉంటుంది, అది రుణావేశం ఉన్న కాగితపు పోగును అంటిపెట్టుకుంటుంది. రెండో వైపు పొడవాటి కొవ్వు తోకలుంటాయి. ఆ తోకలు పోగులను దగ్గరకు రానివ్వవు. బట్టలు ఉతికాక వేసే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్‌లోనూ ఈ జాతి రసాయనమే పని చేస్తుంది.

కొవ్వు తోకలంటే గుర్తొచ్చేది తార్నాకే. ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్ దాటి ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే వచ్చే రసాయన పరిశోధనా సంస్థ 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన కేంద్ర ప్రయోగశాలలుగా మొదలైంది. 1956లో ప్రాంతీయ పరిశోధనాశాలగా కేంద్రం చేతికి వచ్చింది. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే జనం పిలిచే ఐఐసీటీ అయింది. నూనెలూ కొవ్వుల రసాయనం మొదటి నుంచీ దానికి పేరు తెచ్చిన విభాగం. భారతీయ ఆహార చరిత్రకారుడిగా తర్వాత ప్రసిద్ధుడైన కె. టి. అచ్చయ రెండు దశాబ్దాలు అక్కడే నూనెల మీద పని చేశాడు. పాలమూరు, నల్గొండ మెట్టపొలాల్లో విరివిగా పండే ఆముదం నుంచి ఏయే రసాయనాలు తీయవచ్చో విడమరిచి రాశాడు. అదంతా టిష్యూ కోసం చేసిన పని కాదు. అయినా టిష్యూకు కావాల్సిన జ్ఞానంలో సగం అదే.

ఈ సాఫ్ట్‌నర్ల చరిత్రలో ఒక మలుపు 1990ల మొదట్లో వచ్చింది. అంతవరకూ ఎక్కువగా పశువుల కొవ్వుతో చేసిన పాత రకం లవణాలు నీళ్లలో త్వరగా విరిగిపోవని యూరప్‌లో అభ్యంతరాలు లేచాయి. కంపెనీలు ‘ఎస్టర్ క్వాట్’ల వైపు మళ్లాయి. వాటి కొవ్వు తోక ఎస్టర్ బంధంతో అతుక్కుని ఉంటుంది. మురుగునీటిలో సూక్ష్మజీవులు ఆ బంధాన్ని తెంచగలవు. అవి పామాయిల్‌తోనూ చేయొచ్చు. పశువుల కొవ్వు అంటే ముట్టని ఇళ్లు ఇన్ని ఉన్న దేశంలో ఆ సంగతి చిన్నదేమీ కాదు.

యంత్రాలూ మారాయి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 1967లో పేటెంట్ తెచ్చుకున్న పద్ధతిలో, తడి పొరను అదిమి పిండకుండా దాని గుండా వేడిగాలి పంపి ఆరబెడతారు. పోగులు నలగవు, కాగితం ఉబ్బుగా ఉంటుంది. 1981లో అదే కంపెనీ కాగితాన్ని పొరలుగా పేర్చి, చర్మానికి తగిలే పైపొరలో యూకలిప్టస్ లాంటి పొట్టి పోగుల గుజ్జు పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. పొట్టి పోగు కొసలు పైకి లేచి మఖమలు స్పర్శనిస్తాయి. ఖమ్మం రైతులు జామాయిల్ అని పిలిచే చెట్టు అదే. సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ మిల్లు చుట్టూ జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగాయి.

మెత్తబరిచాక బలం తగ్గుతుంది, కాగితం నలుసులు రాలుస్తుంది. ఇక్కడ గంజి మళ్లీ రంగంలోకి దిగింది, ఈసారి వేషం మార్చుకుని. మామూలు పిండి గుజ్జులో కలిపితే చాలా భాగం నీళ్లతో కొట్టుకుపోతుంది. 1950లలో నేషనల్ స్టార్చ్ అనే అమెరికా కంపెనీ పిండి అణువుకు ధనావేశం తగిలించి ‘కేటయానిక్ స్టార్చ్’ తయారుచేసింది. అది పోగును వదలదు. అదే దశాబ్దంలో ఇల్లినాయి రాష్ట్రం పియోరియాలో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాల పిండిని ఆక్సీకరించి డయాల్డిహైడ్ స్టార్చ్ మీద పని చేసింది. అలాంటి ఆల్డిహైడ్ పిండి కాగితానికి తాత్కాలిక తడిబలం ఇస్తుంది. చేతిలో ఉన్నంతసేపు చిరగదు, నీళ్లలో పడి నానాక పట్టు వదిలేస్తుంది. మరుగుదొడ్డి కాగితానికి సరిగ్గా అదే కావాలి. వంటింటి టవల్‌కు మాత్రం శాశ్వత తడిబలమే కావాలి, దానికి వేరే రెజిన్ వాడతారు.

పియోరియా ప్రయోగశాలే 1970లలో మొక్కజొన్న పిండికి ఒక కృత్రిమ పాలిమర్ తగిలించి, తన బరువుకు వందల రెట్లు నీళ్లు పీల్చే పదార్థం చేసింది. దానికి ‘సూపర్ స్లర్పర్’ అని పేరు పెట్టారు. పారేసే డైపర్లలో నీళ్లు పట్టే పొడుల కథ అక్కడ మొదలైంది. మన దేశంలో పుణే జాతీయ రసాయన ప్రయోగశాల పిండి ఆధారంగానే చేసిన ‘జలశక్తి’ని మాత్రం మెట్టపొలాల్లో తేమ నిలపడానికి ఉద్దేశించారు.

ఇంతవరకూ గంజి పోగుకు తోడు. గంజే పోగు అయితే? చెట్టు నరకనక్కర్లేదు, నేలలో కలిసిపోతుంది, ఏడాదికో పంట వస్తుంది. కానీ పిండి సులువుగా లొంగే పదార్థం కాదు. అందులో అమైలోజ్ అనే పొడవాటి గొలుసు పావు వంతే, మిగతా ముప్పావు కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్. కొమ్మల గొలుసును సాగదీస్తే పుటుక్కున తెగుతుంది. కష్టపడి సన్నటి పోగు తీసినా, నీళ్లు తగిలితే కరిగి జావవుతుంది.

నేషనల్ స్టార్చ్ రసాయనవేత్తలు 1979లో పేటెంట్ పొందిన పద్ధతిలో అమైలోజ్ ఎక్కువున్న పిండిని ఉడికించి, సన్నటి రంధ్రాల గుండా ఉప్పునీటిలాంటి లవణ ద్రావణంలోకి వదిలి గడ్డకట్టించారు. నీళ్లకు లొంగని పిండి పోగులు అలా వచ్చాయి. కాగితపు గుజ్జులో కలపడానికి పనికొస్తాయన్నది వాళ్ల ఆశ. 2000ల మొదట్లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఈ దారిలో పేటెంట్ల వరసే పెట్టింది. పిండికి అతి పొడవైన ఇంకో పాలిమర్‌ను కొద్దిగా కలిపితే గొలుసులు చిక్కుపడి, లాగినప్పుడు తెగకుండా సాగుతాయి. తర్వాత గొలుసుల మధ్య అడ్డబంధాలు వేసే రసాయనంతో వేడిచేస్తే పోగు నీళ్లలో కరగదు. ఆ పేటెంట్లలో వాడుకలుగా టిష్యూలూ టవళ్లూ పేర్కొన్నారు.

విశ్వవిద్యాలయాలు వేరే దారి పట్టాయి. 2012లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో లింగ్యాన్ కాంగ్, గ్రెగరీ జీగ్లర్ విద్యుత్ క్షేత్రంతో లాగి శుద్ధ పిండి పోగులు తీశారు. 2024లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ బృందం మామూలు మైదాపిండితోనే 372 నానోమీటర్ల పోగు తీసింది. మన సేమ్యాలో పోగు ఎన్నో వేల వంతులు చీలితే వచ్చేంత సన్నం అది. వాళ్లు దీన్ని గాయాల కట్లకు పనికొస్తుందని చూస్తున్నారు. దుకాణంలో దొరికే టిష్యూ మాత్రం ఇప్పటికీ ప్రధానంగా చెక్క గుజ్జే. ధర దగ్గర గుజ్జుతో పోటీపడటం పిండి పోగుకు చేతకాలేదు.

తెలుగు నేల మీద పిండి పారేసే వస్తువుల్లోకి వేరే రూపాల్లో వచ్చింది. హైదరాబాద్‌లో నారాయణ పీసపాటి జొన్న, బియ్యం, గోధుమ పిండితో తినేయగల స్పూన్లు చేసి ‘బేకీస్’ పేరుతో అమ్మాడు. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం మొక్కజొన్న పిండి ఆధారిత సంచుల కౌంటర్‌ను అప్పటి డీఆర్‌డీవో ఛైర్మన్ సతీశ్ రెడ్డి ప్రారంభించారు. ఆ పరిజ్ఞానం హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలది. 90 రోజుల్లో మట్టిలో కలిసిపోతాయని, పశువులు తిన్నా హాని లేదని అప్పుడు చెప్పారు. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడే ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, స్ట్రాల మీద దేశమంతా నిషేధం రావడంతో కాగితానికీ పిండికీ గిరాకీ పెరిగింది.

ఒక చిక్కు మాత్రం దాచకూడదు. పిండి అంటే తిండి. మొక్కజొన్నకు ఇప్పటికే కోళ్లదాణా, ఇథనాల్ రెండువైపులా లాగుతున్నాయి. పెద్దాపురం చుట్టూ పండే కర్రపెండలం సగ్గుబియ్యానికి వెళ్తుంది. చేతులు తుడుచుకోవడానికి పంటను వాడాలా అన్న ప్రశ్నకు జవాబు నూకలు, పాడైన గింజ, మిల్లు వ్యర్థాల దగ్గర వెతకాలి.

ఆ వెతుకులాటకు ఉస్మానియా కంటే అనువైన చోటు తక్కువ. అక్కడి టెక్నాలజీ కళాశాలలో కెమికల్ ఇంజినీరింగ్, ఆహార శుద్ధి, టెక్స్‌టైల్ టెక్నాలజీ మూడూ ఒకే కప్పు కింద బోధిస్తారు. పిండి ఒకరి పాఠం, పోగు ఇంకొకరిది, అడ్డబంధాలు మూడోవారివి. కొవ్వుల సంగతి తెలిసిన ఐఐసీటీ రోడ్డుకు అవతలే ఉంది. ముడిసరుకు తెలంగాణ మొక్కజొన్న చేలల్లో, గోదావరి బియ్యం మిల్లుల్లో ఉంది. ఈ మూడు విభాగాల విద్యార్థులకూ ఉమ్మడిగా ఒక ప్రాజెక్టు అప్పగించి, కాగజ్‌నగర్, సారపాక, రాజమండ్రి మిల్లులను పరీక్షకు ఒప్పించే పనిని విశ్వవిద్యాలయం నెత్తిన వేసుకోవాలి.