మొవ్వు కుళ్లు నుంచి తెల్లదోమ దాకా

పల్నాడు చేలగట్ల మీది తాడికైనా, కోనసీమ తోటల్లోని కొబ్బరికైనా ఉండేది ఒక్కటే మొవ్వు. వేపకొమ్మ నరికితే పక్కనే మరో చిగురు వేస్తుంది. తాడికి మొవ్వు పోయిందంటే చెట్టు పోయినట్టే.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి డెల్టాలో తాళ్లు ఇలాగే చచ్చిపోతుండేవి. నడిమి ఆకు వాడి, పట్టుకు లాగితే ఊడి చేతికొచ్చేది. లోపల మొవ్వంతా కుళ్లు కంపు. కల్లు, బెల్లం, ముంజలు, ఇంటిమీదికి ఆకు, దూలాలకు మాను అన్నీ ఆ చెట్టే ఇచ్చిన ఊళ్లకు ఇది చిన్న కష్టం కాదు. బిహార్‌లోని పూసాలో ఇంపీరియల్ మైకాలజిస్టుగా (శిలీంధ్ర శాస్త్రవేత్తగా) ఉన్న ఇ.జె. బట్లర్ దీని వెనక శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి ఉందని తేల్చాడు. దానికి మొదట పిథియం పాల్మివోరం అని పేరు పెట్టి, 1919లో ఫైటోఫ్తోరా పాల్మివోరాగా మార్చాడు. కోకో కాయను నల్లగా కుళ్లబెట్టే జీవుల్లో ఇదీ ఒకటి. కొబ్బరి నీడన కోకో వేసుకున్న గోదావరి రైతుకు ఆ సంగతి ఇవాళ్టికీ పనికొస్తుంది.

అప్పట్లో ఈ తెగులుకు మందు లేదు. తెగులు తగిలిన చెట్టెక్కి తల నరికి కాల్చేయడమే దారి. ఏళ్ల తరబడి సాగిన ఆ పని చరిత్రను మద్రాసు ప్రభుత్వ మైకాలజిస్టుగా పనిచేసిన విలియం మెక్‌రే 1923లో గ్రంథస్థం చేశాడు. చెట్టు గీసుకు బతికే ఇంటికి ఆ చెట్టు తలే తెగిపడటం ఎంత కడుపుకోతో అధికారిక నివేదికల్లో వెతికితే దొరకదు.

మొవ్వుకు శత్రువు తెగులొక్కటే కాదు. కొమ్ము పురుగు పేడగుంటల్లో, కుళ్లిన దుంగల్లో గుడ్లు పెడుతుంది. పెద్దయ్యాక మొవ్వులోకి తొలుచుకుపోతుంది. అది కొరికిన ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టుంటుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి అందులోనే గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు మాను లోపల తినేస్తున్నా పైకి చాలాకాలం ఏమీ తెలియదు. కుళ్లు తెగులుకూ ఆ గాయాలే వాకిళ్లు. 1911లో కీటక శాస్త్రవేత్త సి.సి. ఘోష్ ఈ రెండు పురుగుల జీవితచరిత్రనూ ఒకే గ్రంథంలో కలిపి రాశాడు. కొమ్ము పురుగు 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో సమోవా దీవులకు చేరి అక్కడి కొబ్బరిని అల్లాడించింది. దాన్ని చంపే వైరస్‌ను శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్ 1963లో మలయాలో కనిపెట్టాకే దీవులకు ఊపిరి తిరిగింది.

ఒకరి తోటలో వదిలేసిన పురుగు పక్కవాడి తోటకు చేరక మానదు. అందుకే 1919లో మద్రాసు ప్రభుత్వం పంటల పురుగులు, తెగుళ్ల మీద చట్టం తెచ్చింది.

2016లో కొబ్బరికి కొత్త శత్రువు దిగింది. తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ చూస్తుండగానే ఆంధ్రకూ వచ్చేసింది. ఆకు అడుగున చేరి రసం పీల్చి, జిగురు కారుస్తుంది. ఆ జిగురు మీద మసి తెగులు పడుతుంది. విచ్చలవిడిగా విషం కొడితే ఆ దోమను తినే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ కూడా చస్తుంది. అందుకే అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం విషం మీద ఆధారపడకుండా, తెల్లదోమకు తెగులు పుట్టించే ఐసేరియా ఫ్యూమోసోరోసియా శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించింది.